చిత్తూరుకు వెళ్లిన ఆకు

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్లు. మేముండేది తిరుపతి. పాతికేళ్ల కిందట పక్కింటామె తన బ్రహ్మకమలం నుంచి ఒక ఆకు తుంచి ఇచ్చింది. అట్లా మొదలైంది మా స్నేహం. పువ్వు పూసిన ప్రతి రాత్రీ ఇద్దరం మా మేడమీద చాప వేసుకుని కూర్చునేవాళ్లం. 2021 నవంబర్ వానలకు ఆమె చెట్టు కుళ్లిపోతే, నా చెట్టు నుంచి ఆకు తుంచి నేనే ఇచ్చాను. మరుసటేడు వాళ్లు చిత్తూరుకు మారిపోతూ ఆ చిన్న కుండీని కూడా తీసుకెళ్లారు. 2023లో వాళ్లమ్మాయి పెళ్లి. శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. నాకు మనసొప్పక పెళ్లికి వెళ్లలేదు. అప్పటి నుంచి మాటల్లేవు. ఆమె వెళ్లాక చెట్టు కూడా పూయడం మానేసింది. పెద్ద తొట్టిలోకి మార్చాను, పేడ ఎరువు వేశాను, రోజూ నీళ్లు పోస్తున్నాను. ఆకులు మాత్రం ఏపుగా వచ్చాయి. ఇప్పుడు, ఇన్నాళ్లకు, ఒకే ఒక్క మొగ్గ కనబడింది. చెనక్కాయ గింజంత ఉంది. మా తమ్ముడి కొడుకు ఇది అసలు బ్రహ్మకమలమే కాదంటాడు. పువ్వు పూశాక ఫొటో తీసి ఆంటీకి పంపమంటుంది మా అమ్మాయి. మావారేమో నువ్వే ఫోన్ చెయ్యి అంటారు. నేనెందుకు ముందు చెయ్యాలి అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి పువ్వును ఒక్కదాన్నే చూడాలంటే ఏడుపొస్తోంది. చెట్టును ఏం చెయ్యమంటారు? ఆమెతో ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

చెల్లెమ్మా,

మొగ్గ చెనక్కాయ గింజంత ఉందన్నారు. అంటే మీకున్న గడువు ఇంచుమించు రెండు మూడు వారాలు. బ్రహ్మకమలం మొగ్గ కంటికి ఆనిన రోజు నుంచి విచ్చే రాత్రి దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది. అందులో కొన్ని రోజులు మీరు గమనించకుండానే గడిచిపోయి ఉంటాయి. అందుకని ముందు చెట్టు సంగతి చెప్పేస్తాను.

ఈ రోజు నుంచి ఆ తొట్టిని జరపకండి. ముగ్గు వేయడానికి అడ్డమని గానీ, ఎండ తగులుతోందని గానీ, వచ్చినవాళ్లకు చూపించాలని గానీ కదిలించొద్దు. వెలుతురు వచ్చే దిక్కు ఉన్నట్టుండి మారితే మొగ్గ రాలిపోతుంది. ఈ తప్పు నేను చేశాను. ఒక ఏడు నా చెట్టుకు నాలుగు మొగ్గలు పెట్టాయి. సంబరం పట్టలేక కుండీని వరండాలోంచి హాల్లోకి తెచ్చాను. మూడో రోజుకు నాలుగూ పసుపు రంగుకు తిరిగి, వేలు తగిలితే చాలు ఊడిపోయాయి. వాటిని చెత్తలో వేయడానికి చేతులు రాక, రెండు రోజులు కిటికీలో పెట్టుకున్నాను.

ఆమె వెళ్లిపోయిందని చెట్టు అలిగిందేమో అన్న అనుమానం మీ ఉత్తరంలో అక్కడక్కడా వినబడుతోంది. అలగలేదమ్మా. మీరు ప్రేమ కొద్దీ చేసిన మూడు పనులే దాన్ని ఆపాయి.

ముళ్లు లేవు కాబట్టి మనం నమ్మం గానీ, ఇది కాక్టస్ జాతి మొక్క. దీని సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడ ఇది ఎక్కువగా పెద్ద చెట్ల మీద, కొమ్మల పంగల్లో రాలిన ఆకులు కుళ్లి పోగైన చోట వేళ్లు పెట్టుకుని బతుకుతుంది. మోసే చెట్టు రసం పీల్చదు. గుప్పెడు ఆకుచెత్త, వడకట్టినట్టు వచ్చే వెలుతురు, పడి జారిపోయే వాన, దానికి అవి చాలు. అలాంటిదానికి మీరు పెద్ద తొట్టెడు మట్టి ఇచ్చారు. ఆ మట్టి నిండా వేళ్లు పరుచుకోవడానికే దానికి ఇన్నాళ్లూ సరిపోయింది. కుండీలో వేళ్లు కాస్త బిగుసుకుంటేనే అది బాగా పూస్తుంది. పేడ ఎరువులో ఉండే నత్రజని ఆకులు తెస్తుంది, అవి మీరు చూస్తూనే ఉన్నారు. రోజూ నీళ్లు పోసినా వేళ్లు కుళ్లకపోవడం మీ అదృష్టం. బహుశా ఇప్పటికి వేళ్లు తొట్టిని నింపుకుని ఉంటాయి. అందుకే ఈ మొగ్గ.

ఇక మీదట పైమట్టిలో వేలు పెట్టి చూసి, రెండు కణుపుల లోతు దాకా ఆరితేనే నీళ్లు పోయండి. మొగ్గ ఉన్నన్నాళ్లూ మరీ ఎండగట్టొద్దు, మరీ నానబెట్టొద్దు. మొగ్గ చుట్టూ చీమలు తిరిగితే కంగారు పడకండి, అవి తీపి కోసం వస్తాయి, మొగ్గను ఏం చేయవు. తెల్లగా దూదిలా పిండినల్లి కనబడితే మాత్రం తడిగుడ్డతో తుడిచేయండి. పువ్వు అయిపోయాక, సీజన్ ముగిశాక గుప్పెడు కట్టెల బూడిద వేయండి, పేడ తగ్గించండి. పొద్దున ఎండ పడి, పదిన్నర పదకొండుకల్లా నీడ వచ్చే చోటు దీనికి సరైనది. మన తిరుపతి మే నెల మిట్టమధ్యాహ్నం ఎండకు, మేడమీద సిమెంటు సెగకు ఆకులు మాడిపోతాయి. ఇంకొకటి, మన వైపు జోరు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. ఆ మూడు నెలలూ కుండీని సన్‌షేడ్ కిందికి చేర్చి రెండిటుకల మీద ఎత్తిపెట్టండి. ఆమె చెట్టు పోయింది ఆ నీళ్లకే కదా. 2021 నవంబర్‌లో ఇళ్లలోకే నీళ్లు వచ్చిన ఊరు మనది, కుండీలో చెట్టు ఏం నిలుస్తుంది.

మీ తమ్ముడి కొడుకు చెప్పింది నిజమే. శాస్త్రం ప్రకారం బ్రహ్మకమలం అనే పేరు హిమాలయాల్లో ఎంతో ఎత్తున పూసే వేరే మొక్కది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. మన ఇళ్లలో పూసేదానికి ఆ మొక్కతో చుట్టరికం లేదు. ఆ అబ్బాయిని కోప్పడకండి. అలాగని హారతి ఇవ్వడం కూడా మానకండి. ఏడాదికి ఏ కొద్దిసార్లో, చీకటి పడ్డాక విచ్చి తెల్లారేలోపు వాడిపోయే పువ్వు ముందు మన ఇళ్లలో ఆడవాళ్లు కర్పూరం వెలిగించి చేతులు జోడిస్తారు. పక్కిళ్లవాళ్లను నిద్ర లేపి మరీ పిలుస్తారు. ఆ దండం పేరును చూసి పెట్టింది కాదు.

ఇప్పుడు మీకు బాగా తెలియాల్సిన సంగతి చెప్తాను. దీన్నుంచే ఆమె సంగతిలోకి వస్తాను.

మనం ఆకు అంటున్నది నిజానికి ఆకు కాదు. బల్లపరుపుగా మారిన కాండం. దాని అంచున నొక్కులు నొక్కులుగా ఉంటుంది చూడండి, కొత్త చిగురైనా, మొగ్గైనా ఆ నొక్కుల్లోంచే వస్తుంది. గింజ వేసి మొలిపిస్తే వచ్చేది ఆ చెట్టు బిడ్డ. ఆకు తుంచి నాటితే వచ్చేది బిడ్డ కాదు, అదే చెట్టు. అంటే పాతికేళ్ల కిందట ఆమె కుండీలో ఉన్నదీ, ఇప్పుడు మీ తొట్టిలో ఉన్నదీ, చిత్తూరులో ఆమె గుమ్మం దగ్గర ఉన్నదీ ఒకే చెట్టు. ముందు ఆమె మీకిచ్చింది. ఆమె దగ్గర అది చచ్చిపోతే మీ దగ్గర బతికి ఉంది కాబట్టి తిరిగి ఆమెకు చేరింది. అప్పుడు ఇదెవరి చెట్టు అని మీరు అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆకు నాటితే పూతకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మీరు 2021 చివర్లో ఇచ్చిన ఆకు, ఆమె చూసుకుంటూ ఉంటే, ఈపాటికి పూసే వయసుకు వచ్చేసింది. పోయినేడే మొదటి పువ్వు పూసి ఉండొచ్చు. ఆ రాత్రి ఆమె పక్కన చాప మీద ఎవరు కూర్చున్నారో, లేక ఆమె కూడా మీలాగే ఒక్కతే చూసిందో.

ఇక బొట్టు సంగతి. ఇంత చిన్నదానికి పంతమా అని మీతో ఎవరైనా అని ఉంటే, వాళ్లు మన వైపు పద్ధతి తెలియనివాళ్లు. పెళ్లి పిలుపంటే కుంకుమ భరిణె పట్టుకొచ్చి, గడప దాటి, నుదుట బొట్టు పెట్టి, "ఇంటిల్లిపాదీ రావాలి" అని నోరారా చెప్పడం. ఫోన్‌లో పడిన కార్డు దానికి సాటి రాదు. మీకు బాధ కలగడం న్యాయం. కానీ మీకు కష్టం కలిగినా ఒక మాట చెప్పాలి. కూతురి పెళ్లి పందిట్లో ఆ తల్లి కళ్లు మీ కోసం వెతికి ఉంటాయి. ఆ పిల్ల ఎదగడం గోడ పక్క నుంచి ఇన్నేళ్లు చూసిన మనిషి అక్షింతలు వేయడానికి రాలేదు. పిలుపులో లోపం ఆమెది, రాకపోవడం మీది. నా మనసుకు రెండోదే కాస్త బరువుగా తోస్తోంది.

ఆమె వైపు నుంచి ఒక్కసారి చూడండి. కొత్త ఊరు, పెళ్లి పనులు, డబ్బుల టెన్షన్. వియ్యాలవారికి, అటు చుట్టాలకు, ఇటు చుట్టాలకు తిరిగి తిరిగి, డెబ్బై కిలోమీటర్ల అవతల ఉన్న మిమ్మల్ని మాత్రం "నా మనిషే కదా, ఏమీ అనుకోదులే" అనుకుని ఉంటుంది. మనం లోకువ కట్టేది ఎప్పుడూ దగ్గరివాళ్లనే. అది తప్పే. మీరు ఆమెకు పరాయి అయ్యారనడానికి మాత్రం అది గుర్తు కాదు.

కొండ మీద మహాద్వారం దాటేటప్పుడు గోడకు వేలాడే గునపాన్ని మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో. రామానుజుల మాట మీద స్వామికి పూలతోట వేయడానికి వచ్చిన అనంతాళ్వారు కథ మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నిండు చూలాలైన భార్య మట్టి మోస్తుంటే చెరువు తవ్వుతున్నాడు. సాయం చేయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. నా సేవలో నువ్వెందుకు అని కోపం పట్టలేక గునపం విసిరితే గడ్డానికి తగిలింది. తర్వాత గుడిలోకి వెళ్తే స్వామి గడ్డం నుంచి నెత్తురు. అప్పుడు అద్దిన పచ్చకర్పూరం ఇప్పటికీ స్వామి గడ్డానికి పెడుతున్నారు. ఆ గునపాన్ని ఎక్కడా దాచలేదు, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా ద్వారం దగ్గరే ఉంచారు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు బాగ్ సవారి అని స్వామి బయల్దేరి వెళ్లేది ఆ అనంతాళ్వారు తోటకే.

ఈ కథ ఎందుకు ఎత్తానంటే, మీవారు అన్నారని అన్నీ మింగేసి ఏమీ జరగనట్టు మాట్లాడాల్సిన పని మీకు లేదు. దెబ్బ తగిలిన మాట ఆమెకు చెప్పండి. కాకపోతే మొదటి ఫోన్‌లో కాదు. ఆకు తుంచి నాటినవారు కాబట్టి మీకు తెలుసు, తుంచిన వెంటనే మట్టిలో పెడితే అది కుళ్లిపోతుంది. రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, కోసిన చోట పొర కట్టాక నాటుతాం. ఆరడానికి టైమ్ ఇవ్వాలి. అలాగని అరుగు మీద మర్చిపోతే వడలిపోతుంది. మీ ఇద్దరి మధ్యా ఆరాల్సినదానికంటే ఎక్కువే ఆరింది.

నా సంగతి ఒకటి చెప్తాను. కాలేజీ రోజుల నుంచీ నాకొక స్నేహితురాలు ఉంది. ఇల్లు కట్టుకునేటప్పుడు తీసుకున్న డబ్బు దగ్గర మాట పట్టింపు వచ్చింది. తప్పు ఎక్కువ నాదే. ఆరేళ్లు మాట్లాడుకోలేదు. ఒక రోజు పొద్దున్నే ఫోన్. ఎత్తితే కుశలప్రశ్నలు లేవు, "ఏమ్మే, నువ్వు ఊరిబిండిలో చింతపండు పచ్చిదే వేస్తావా, వేయించి వేస్తావా?" అంది. మా ఇంట్లో ఆ ఊరిబిండిని సంగట్లో నంజుకుని కొన్ని వందల సార్లు తిన్న మనిషి. ఎట్లా చేస్తానో దానికి తెలియదా? రోట్లో చెనక్కాయలు ఎంతసేపు నూరాలో కూడా చెప్పాను. ముప్పావు గంట మాట్లాడుకున్నాం. డబ్బు మాట మూడో ఫోన్‌లో గానీ రాలేదు, వచ్చినప్పుడు నేనే ఎత్తాను. ఆరేళ్లలో నేను కాగితం మీద రాసి చించేసిన క్షమాపణలన్నీ ఒక ఎత్తు, అది అడిగిన చింతపండు ప్రశ్న ఒక ఎత్తు. క్షమాపణకు ఎదుటివాళ్లు వెంటనే బదులు చెప్పాలి. ఊరిబిండికి ఆ బరువు లేదు.

మీ దగ్గర అంతకంటే మంచి ప్రశ్న ఉంది. ఈ రోజో రేపో, సాయంత్రం ఆమె దీపం పెట్టుకుని తీరిగ్గా కూర్చునే వేళ చూసి ఫోన్ చేసి, "నీ చెట్టుకు మొగ్గ పెట్టిందా?" అని అడగండి. ముందూ వెనకా ఏం చేర్చొద్దు. బాగున్నావా అంటే బాగున్నాను అని ఆగిపోవచ్చు. మొగ్గ పెట్టిందా అంటే, పెట్టిందనో, లేదనో, ఆకులు పసుపుపడుతున్నాయనో, నీదెలా ఉందనో ఏదో ఒకటి చెప్పక తప్పదు. చెట్టు చచ్చిపోయిందని చెప్పినా పరవాలేదు, మీ తొట్టి నిండా ఆకులున్నాయి. నేనెందుకు ముందు అన్నారు కదా, మొదటి ఆకు ఇచ్చినప్పుడు ఆమె ఆ లెక్క చూసుకుని ఉంటే మీ ఇద్దరికీ పరిచయమే ఉండేది కాదు.

ఫోన్ ఎత్తకపోతే మర్నాడు ఇంకోసారి చేయండి. రెండోసారీ ఎత్తకపోతే అదే ప్రశ్న మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకోండి. మూడోసారి వద్దు, ఆమెకు టైమ్ ఇవ్వండి. ఎత్తి పొడిపొడిగా మాట్లాడితే నొచ్చుకోకండి. ఆమె కడుపులో కూడా ఇన్నేళ్ల మాట ఉంది.

మీ అమ్మాయి సలహా మాత్రం పాటించకండి. పువ్వు పూశాక పంపే ఫొటో, "నువ్వు లేకుండా చూసేశాం" అని చెప్పినట్టు ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లికార్డు మీకెలా తగిలిందో, ఆ ఫొటో ఆమెకు అలాగే తగలొచ్చు. పిలవాల్సింది పువ్వు విచ్చకముందు.

ఆమె మామూలుగా మాట్లాడిందనుకోండి, అప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటుంది. నేనైతే చేస్తాను. ఒక పొద్దున బస్సెక్కండి. చంద్రగిరి, పూతలపట్టు మీదుగా రెండు గంటల ప్రయాణం. సంచిలో కుంకుమ భరిణె, రెండు అరటిపండ్లు, వక్కాకు పెట్టుకోండి. ఆమె గడప దాటి, నుదుట బొట్టు పెట్టి, "మా ఇంట్లో పువ్వు పూస్తోంది, నువ్వు తప్పకుండా రావాలి" అని పిలవండి. అయితే మీ మనసులో దెప్పాలన్న ఆలోచన ఆవగింజంత ఉన్నా ఈ పని చేయకండి, ఆమె కనిపెట్టేస్తుంది. లేదనుకుంటేనే వెళ్లండి. బొట్టు పెట్టేటప్పుడు ఇద్దరిలో ఎవరికి ముందు కళ్లనీళ్లు వచ్చినా సరే, పెళ్లి మాట అక్కడే, ఆ అరుగు మీదే మాట్లాడేసుకోండి. "నువ్వు ఇంటికొచ్చి పిలవకపోతే నాకు బాధేసింది" అని మీరు చెప్పండి. "నువ్వు పెళ్లికి రాకపోతే నాకెట్లుండిందో తెలుసా" అని ఆమె అంటే అడ్డు చెప్పకుండా వినండి. వీలైతే ఆ పిల్లకు అప్పుడు పెట్టాల్సిన చీర ఇప్పుడైనా పట్టుకెళ్లండి.

ఏ రోజు రమ్మనాలి అంటారేమో. మొగ్గ మొదట్లో కిందికి వేలాడుతుంది. రోజులు దగ్గరపడేకొద్దీ కాడ కొంగమెడలా వంపు తిరిగి, మొగ్గ తల పైకెత్తుతుంది. దాని మీది ఎర్రటి సన్నని రేకలు బిగువు వదులుతాయి. విచ్చే రోజు పొద్దున చూస్తే మొన తెల్లగా ఉబ్బి, పట్టుకుంటే గాలి నింపినట్టు మెత్తగా ఉంటుంది. పట్టుకోకుండా చూసినా తెలుస్తుంది లెండి. ఆ రాత్రి ఏడెనిమిది గంటలకు కొసన చిటికెన వేలు పట్టేంత సందు పడుతుంది, వాసన ముందు బయటికి వస్తుంది. కళ్లార్పకుండా చూస్తే రేకులు ఒక్కోసారి చిన్నగా అదిరి జరగడం కనిపిస్తుంది. పదకొండు, పన్నెండుకల్లా జానెడు పువ్వు. చీకట్లో తిరిగే పెద్ద రెక్కల చిమ్మటల కోసం అంత తెలుపు, అంత వాసన. మూడు నాలుగు గంటల తర్వాత మళ్లీ ముడుచుకోవడం మొదలవుతుంది.

కాబట్టి మొగ్గ తల ఎత్తిన రోజే ఆమెకు చెప్పి ఉంచండి. మొన ఉబ్బిన రోజు పొద్దున ఏడింటికి ఇంకో ఫోన్ చేయండి. మధ్యాహ్నం బస్సెక్కితే చీకటి పడకముందే తిరుపతిలో దిగుతుంది. మీరు ఆ లోపు మేడ మెట్లు కడిగి, చాప దులిపి ఉంచండి.